ఉద్దానపు వంటయిల్లు: గ్రంథారంభమునకు ముందొక సంవాదము

తన యింటి వంటను గూర్చియు, ఆ వంటతో పెనవేసికొనియున్న తనవారిని గూర్చియు ఒక గ్రంథము వ్రాయవలెనను కోరిక కలిగినవాడు, కలము చేతబట్టుటకు పూర్వము, తాను ఆ వంటను ఎచ్చట కూర్చుండి చూచెనో తనలో తాను విచారించుకొనుట యుక్తము. ఏలయన, పీటమీద కూర్చున్నవానికి కానవచ్చు వంట వేఱు, పొయ్యియొద్ద కూర్చున్నవారికి కానవచ్చు వంట వేఱు. ఈ రెండింటిని ఒక్కటిగా భ్రమించి వ్రాసిన గ్రంథము ఎంత మధురముగా నున్నను సగము మాటలను మ్రింగినట్లే యుండును. టెక్కలికి సమీపమున, పైకప్పు లేని కోవెలలో ఎండకును వానకును శిరస్సొగ్గి నిలిచిన ఎండల మల్లికార్జునస్వామి వలన ప్రసిద్ధి గాంచిన రావివలసలో, కార్తికమాసమున ఒక ఆదివారమునాడు, ఒక అక్కకును ఆమె తమ్మునికిని ఈ విషయమై జరిగిన వాదమును వినుట నాకు తటస్థించినది. అక్క చిరకాలము పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొని తండ్రినాటి యింటనే యున్నది. తమ్ముడు విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచు, ఏండ్ల తరబడి మనస్సున మోసిన గ్రంథమునకు ప్రణాళికను కాగితముపై వ్రాసికొని, మఱునాటి సోమవారపు దర్శనమునకు వచ్చినవాడు. వారి పేళ్ళను వారి కోరిక ననుసరించి విడిచితిని. ఆ ప్రాంతపు వాడుక ప్రకారము అతడు ఆమెను అప్పా యని పిలుచును గనుక నేనును ఆ పిలుపునే నిలిపితిని.

తమ్ముడు : అప్పా, గ్రంథమును అయిదు భాగములుగా విభజించితిని. మొదటిది రంగూను. మన తాత బియ్యపుమిల్లు కూలియై రంగూనులో నుండగనే 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, గంజాము జిల్లా చీలి, మన యూరు విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1942లో జపాను సేనలు ఆ పట్టణమును పట్టుకొనగా ఆయన తిరిగివచ్చెను. రెండవది నౌపడ ఉప్పు. మూడవది తిత్లీ తుపాను. నాలుగవది నాయనను మననుండి కొనిపోయిన మూత్రపిండముల వ్యాధి. అయిదవది పలాస జీడిపప్పు. ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క వంటకమును శీర్షికగా ఉంచెదను. ఒక కుటుంబము తిన్న కూడులో ఒక శతాబ్దపు చరిత్ర యంతయు కనబడవలెనని నా సంకల్పము.

అప్ప : సంకల్పము గొప్పదే, నాయనా. కాని నీవు చెప్పిన అయిదు భాగములలో వంట చేసినది ఎవరు? తాత రంగూనులో నున్నాడు, నాయన ఆస్పత్రిలో నున్నాడు, తుపాను తోటలో నున్నది, పప్పు పలాసలో నున్నది. మామ్మ ఎక్కడ? అమ్మ ఎక్కడ? నీవు వంటకమును శీర్షికగా ఉంచెదనంటివి. గుమ్మమున తోరణము కట్టి, ఇంటిలోనికి పోకుండ వీధినుండియే తిరిగిపోవువాని పని యట్లుండును.

తమ్ముడు : వారందఱును ఉందురు. అయితే కేవలము పనసపొట్టు, పోకుండలు, చిమ్మిలి అని వ్రాసికొనుచు పోయినచో అది పిండివంటల పుస్తకమగును గాని మన కథ కానేరదు. అట్టివి అంగళ్ళలో కోకొల్లలు.

అప్ప : పిండివంటల పుస్తకమని తేలికగా అంటివి. మామ్మ పనసపొట్టు ఎట్లు చేసెడిదో నీకు తెలియునా? తిన్నావు, ఎఱుగుదును. చేయుట చూచితివా? లేతకాయను ఎన్నుకొనుట మొదటి విద్య. గింజకు పైపెంకు గట్టిపడినచో ఆ కాయ పొట్టునకు పనికిరాదు. చేతులకును కత్తికిని నూనె రాచుకొననిదే ఆ పాలు జిగురై గోళ్ళ సందులలో చేరి వదలదు. తొక్క చెక్కి, మ్రానిపీటపై నుంచి, కత్తిని రెండు చేతులతో ఎత్తి ఎత్తి కొట్టి పొట్టు చేయవలెను. ముక్క పెద్దదైనచో నారగును, మెత్తనైనచో ముద్దయగును. ఉడికించి, గట్టిగా పిండి, చింతపండు పులుసు కలిపి, పోపు వేసి, పొయ్యినుండి దించిన తరువాత గాని ఆవ కలుపరాదు. వేడిమీద కలిపితివా, ఘాటు చచ్చి చేదు మిగులును. మామ్మ ఆ ఆవను ఎన్నడును తాను ముందుగా రుచి చూడలేదు, వాసనతోనే తెలిసికొనెడిది. ఇంత విద్య ఒక్క మనుష్యురాలి చేతిలో ఉండి, ఆమెతో కాలిపోయినది. రంగూను గూర్చి వ్రాసినవారు పలువురున్నారు. దీనిని వ్రాయగలవారు ఎందరు?

తమ్ముడు : అంగీకరించెదను. అయినను నాకొక భయము కలదు. ఈ పనసను, కొబ్బరిని, మునగను, జీడిని వరుసగా వర్ణించినచో, దూరమున నున్న చదువరి, కవిటి మొదలుకొని వజ్రపుకొత్తూరు వఱకు గల ఈ ఉద్దానపు భూమియంతయు నందనవనమనియు, ఇచ్చటి జనులు నీడను కూర్చుండి పండ్లు తినుచు కాలము గడిపిరనియు తలచును. వారు సంవత్సరమున సగము దినములు చోడి అంబలి త్రాగి, గంటెలన్నము తిని, తరవాణికుండలో చేయిపెట్టి బ్రతికిన సంగతి మఱుగున పడును. 1942లో బర్మా బియ్యము రాక నిలిచిపోయిన పిమ్మట బీదవారి కుండ యేమైనదో చెప్పకయే వంటను పొగడుట నా మనస్సున కొప్పదు.

అప్ప : అంబలిని నీవేల కష్టముల పద్దులో వ్రాసితివి? అది మాకు కష్టము కాదు. రాత్రి చోడిపిండిని నీట కలిపి పులియబెట్టి, ఉదయమున నూక ఉడుకుచుండగా దానిలో పోసి, అడుగంటకుండ తెడ్డుతో త్రిప్పి, చల్లార్చి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొఱికికొనుచు త్రాగి పొలమునకు పోయినవాడు మధ్యాహ్నము వఱకు ఆకలి యెఱుగడు. తెల్లన్నము తినువారు వచ్చి దానిని బీదకూడన్నారు. ఇప్పుడు మరల వారే వైద్యుడు చెప్పెనని చోళ్ళు కొనుచున్నారు. అంబలిలో కష్టము ఎక్కడనో చెప్పనా? అది అందఱికిని చాలునట్లు మామ్మ చివర రెండు చెంబుల నీరు కలిపెడిది. ఆ నీరు కలిసిన భాగము ఎవరి ముంతలోనికి పోవునో మాకు తెలియును, నీకు తెలియదు. మగవాండ్రు త్రాగిన పిదప, పిల్లలు త్రాగిన పిదప, పలుచనైనది ఆడువారిది. నీ చరిత్ర యంతయు ఆ రెండు చెంబులలో నున్నది, తమ్ముడా. దానికొఱకు రంగూను పోనక్కరలేదు.

(ఇచ్చట నేనొక మాట చెప్పక ముందునకు సాగజాలకున్నాను. మన సాహిత్యమున భోజనవర్ణనలు కొల్లలుగా నున్నవి. వాటిలో పెక్కు విస్తరిముందు కూర్చున్నవాడు చేసినవే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింట అతిథులకు ఏ ఋతువున ఏమి వడ్డింపబడెనో చెప్పిన పద్యములు రసికులకెల్ల కంఠస్థములు. కాని ఆ కావ్యముననే వర్షర్తువర్ణనములో, నిప్పుకొఱకు ఇల్లిల్లు తిరిగి, తెచ్చిన నిప్పు తడిసిన కట్టెలకు అంటుకొనక, పొగలో వంట సాగించుటకు పడిన పాటులు గూడ వర్ణింపబడినవి. సామ్రాజ్యమునేలిన ప్రభువునకు ఆ పొగ ఎట్లు కానవచ్చెనో నాకు ఎప్పుడును ఆశ్చర్యమే. విస్తరిని వర్ణించు శక్తితోబాటు పొయ్యిని చూచు కన్నుకూడ ఆయనకుండుటచేతనే ఆ వర్ణనలు నేటికిని వాడలేదని నా తలంపు. అప్ప పక్షమున ఇంతకన్న బలమైన సాక్ష్యము నాకు తోచలేదు.)

తమ్ముడు : రెండు చెంబుల నీరు నా గ్రంథమున తప్పక చేరును. అయితే జీడిపప్పు మాట యేమి? తాతముత్తాతల నాటినుండి మన రుచికి మూలమైనది, పలాసకు దేశమున పేరు తెచ్చినది; దానికొక భాగము ప్రత్యేకించుట తప్పా?

అప్ప : తప్పు కాదు, కాని తాతముత్తాతల నాటినుండి అనుమాట కొట్టివేయుము. జీడిమామిడి బ్రెజిలు దేశపు చెట్టు; పోర్చుగీసువారు పదునాఱవ శతాబ్దమున పడమటి తీరమున దింపినది. నీవు పదేపదే ప్రాచీనమని వ్రాయు ఎఱ్ఱమిరపకాయయు ఆ అమెరికా ఖండమునుండి వచ్చినదే. రాయలవారి వడ్డనలో మిరపకాయ లేదు. ఇంటి వంటలో అన్నియు అనాదినుండి ఉన్నవని వ్రాయు వ్యామోహము చెడ్డది. మామ్మకు జీడి క్రొత్త. ఆమె పుట్టినింట పాయసములో కొబ్బరికోరు వేసెడివారు. జీడిపప్పు మన యింటికి అమ్మతో, అమ్మ పుట్టింటి తోటతో వచ్చినది. అది వ్రాయుము. కోడలు తెచ్చిన రుచిని అత్త ఎన్నాళ్ళు అంగీకరింపలేదో అదియు వ్రాయుము.

తమ్ముడు : ఇది నేనెఱుగను.

అప్ప : ఎట్లెఱుగుదువు? నీకు పాయసము గిన్నెతో వచ్చెడిది. ఇంకొకటి వినుము. వేసవిలో తోటనుండి గింజలు వచ్చినప్పుడు పెరటిలో పెనము పెట్టి కాల్చెడివారు. గింజలోని చమురు మండి లేచు నల్లపొగ కన్నులలో పడినచో రాత్రియెల్ల నిద్ర యుండదు. కాల్చినవాటిని బూడిదలో పొరలించి, చేతులకు బూడిద పూసికొని, కఱ్ఱతో ఒక్కొక్కటి కొట్టి పప్పు తీయవలెను. ఎంత జాగరూకతతో నున్నను ఆ చమురు తగిలిన చోట చర్మము ఊడును. అమ్మ వ్రేళ్ళకొనలు వేసవి పోవువఱకు నల్లగా నుండెడివి. గుండుపప్పు డబ్బాలోనికి, అక్కడనుండి అంగడికి, బద్దలు పండుగలకు, నూక మాకు. పలాసలో ఇప్పుడు గింజలను ఆవిరిపట్టి యంత్రములతో కోయుచున్నారు, పప్పును పౌనునకు ఎన్ని గింజలు తూగునో లెక్కించి నూటయెనుబది, రెండువందల నలుబది, మూడువందల యిరువది యని తరగతులుగా ఏర్పఱచుచున్నారు, మన తోటల పంట చాలక ఆఫ్రికానుండి గింజలు తెప్పించుకొనుచున్నారు. అదంతయు నీవు వ్రాయుదువు, బాగుగనే వ్రాయుదువు. కాని ఆ పప్పుపై పొరను ఒలిచి తరగతులు చేయువారు నేటికిని ఆడువారే. వారింట పండుగనాడు పాయసములో ఏ తరగతి పప్పు పడునో ఒకనాడు పోయి అడిగి రమ్ము. అడుగకుండ ఆ భాగము మొదలుపెట్టకుము.

తమ్ముడు : అడిగెదను. ఇప్పుడు నా వంతు. నీవు చెప్పినదంతయు పెరటిలోపలిది, గోడలోపలిది. వంటయింటికి వచ్చు వస్తువులు ఆకాశమునుండి రాలవు గదా. మన చిన్నతనమున చేపలగంప నెత్తిన పెట్టుకొని వచ్చు నామె జ్ఞాపకమున్నదా? వడ్లకు చేపలు ఇచ్చెడిది. వానకాలమున ఆమె తెచ్చు చిన్న చేపలు సముద్రపువి కావు, తంపరలనబడు చిత్తడినేలలవి. వాటిని అమ్మ మామిడికాయ ఒరుగుతో వండెడిది. ఆ తంపరలును, సోంపేట వైపు బీలలనబడు అట్టి నేలలును ఎండిపోవు ప్రమాదము వచ్చినప్పుడేమైనది? థర్మల్ విద్యుత్కేంద్రము వలదని జనులు బీలకు అడ్డు నిలువగా, 2010 జూలై 14న సోంపేట యొద్ద పోలీసు కాల్పులు జరిగినవి, మనుష్యులు చచ్చిరి. 2011 ఫిబ్రవరి 28న ఇచ్చటికి కూతవేటు దూరమున కాకరాపల్లిలో మరల కాల్పులు, మరల చావులు. ఆ నేలపై పైరు పండించి, చేపపట్టి, గడ్డికోసి బ్రతికినవారు తమ కూటికొఱకు ప్రాణములిచ్చిరి. తేలినీలాపురమునకు ఏటేట వచ్చి చింతచెట్లపై గూళ్ళు కట్టు కొంగలును ఆ నీటిచేపలనే నమ్ముకొన్నవి. నీ కుండలోనికి ఆ చేప యెట్లు వచ్చినదో, ఇప్పుడేల రాదో చెప్పక, కుండ కథ పూర్తియైనదని నీవు చెప్పగలవా?

అప్ప : (కొంతసేపు ఊరకుండి) చెప్పజాలను. ఆ చేపలామె రాక మానినది. ఎందుకు మానెనో నేను ఆలోచింపలేదు. వయసు మీరినది కాబోలునని యనుకొంటిని.

తమ్ముడు : ఆమె తంపరలో చేప తక్కువైనది. నేను అడిగి తెలిసికొంటిని.

అప్ప : అయితే ఆ అధ్యాయము నీది. కాని సోంపేటతో మొదలుపెట్టకుము. ఆమె గంపతో మొదలుపెట్టుము, వడ్లను కొలిచి పోసిన మానికతో మొదలుపెట్టుము. కాల్పుల మాట దారిలో తానే వచ్చును. గంప దించకముందే కాల్పులు వినిపించితివా, చదువరి ఆమెను చూడనే చూడడు.

(అతడు ఇంతవఱకు చెప్పినదానిలో ఇది ఉత్తమమైన వాదమనియు, ఆమె దానిని త్రోసివేయక తన క్రమమున చేర్చుకొనుట అంతకన్న ఉత్తమమనియు నాకు తోచినది. పొయ్యిని మాత్రమే చూచువారు పొలమును మఱచుదురు. ఆ యింట ఇద్దఱు వాదింపవలసిన అవసరము అందువలననే కలిగినది.)

తమ్ముడు : మానిక యంటివి గనుక అడిగెదను. కొలతలను ఎట్లు వ్రాయుదము? మామ్మ సోల, తవ్వ, మానిక, కుంచము తప్ప ఎఱుగదు. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, 1962 నాటికి దేశమంతట మెట్రిక్కు పద్ధతి తప్పనిసరియైనది గాని, ఆమె వంటయింటిలోనికి లీటరు ఎన్నడును రాలేదు.

అప్ప : రెండును వ్రాయుము. ఆమె సోల అటక మీద నున్నది. దించి నీరు పోసి కొలిచికొనుము. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇది పుస్తకపు లెక్క. కాని మామ్మ ఎసటిలో పోయునప్పుడు సోలను నిండుగా పోయలేదు. ఇంటికి వచ్చినవారు ఎందఱో చూచి, వ్రేలు అంచున ఉంచి, ఆ వ్రేలు మేరకు పోసెడిది. ఆ వ్రేలును ఏ కొలతలోనికి మార్చెదవో నీవే ఆలోచింపుము. నేడు సాయంకాలము కంద, బచ్చలి తెచ్చెదను. రేపు సోమవారము, దర్శనమునకు వచ్చు చుట్టములు ఉపవాసమై, నక్షత్రదర్శనమైన పిదప ఇచ్చటనే భోజనము చేయుదురు. ఉల్లి, వెల్లుల్లి, చేప ఈ మాసమున ఈ యింట పనికిరావు. నీవు కంద చెక్కుము. చేయి దురద పుట్టినప్పుడు ఏమి చేయవలెనో అప్పుడు చెప్పెదను, అప్పుడే వ్రాసికొనుము. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరలను ఇంట ఉంచుకొని, వారు పలికినది పలికినట్లు వినుచు వారి భాష నేర్చిరి. ఏండ్లపాటు అట్లు విన్నమీదట గాని 1938లో ఆ సవరభాషా నిఘంటువు వెలువడలేదు. వంట వ్రాయదలచినవానికి అంతకు తక్కువ ఓర్పు చాలదు.

తమ్ముడు : సరే. రంగూను మాట తేల్చుము. తాత అరకాను కొండలమీదుగా కాలినడకను వచ్చెనని, త్రోవలో వేయించిన బియ్యము గుప్పెడు గుప్పెడు నమలి ప్రాణము నిలుపుకొనెనని నాయన చెప్పెడివాడు. ఆ గుప్పెడు బియ్యమే నా మొదటి భాగమునకు శీర్షిక.

అప్ప : మందసలోని అత్త వేఱుగా చెప్పును. తాత నడువనే లేదట. రంగూనుపై బాంబులు పడిన పిదప, పట్టణము శత్రువుల వశము కాకముందే, ఎవరి చేతిలోనో ఉంగరము పెట్టి ఓడ ఎక్కెనట. ఓడలో మూడు దినములు ఏమియు తినలేదట. మామ్మ తనతో చెప్పినదని అత్త మాట.

తమ్ముడు : రెంటిలో ఏది నిజము?

అప్ప : ఇద్దఱును అప్పుడు పసివాండ్రు. ఇరువురును విన్నదే చెప్పిరి. నీవు ఒకదానిని ఎన్నుకొని రెండవదానిని దాచితివా, అది కథయగును. నాకు అభ్యంతరము లేదు, అయితే కథయని చెప్పి వ్రాయుము. మన యింటి చరిత్ర యని చెప్పదలచినచో రెండును వ్రాసి, ఏది ఎవరు చెప్పిరో, ఎప్పుడు చెప్పిరో వ్రాయుము. నాయన ఆ గుప్పెడు బియ్యము మాట, మనము కంచములో మెతుకులు వదిలినప్పుడు చెప్పెడివాడు. అత్త ఉంగరపు మాట, నగలు అడిగినప్పుడు చెప్పును. ఎవరి కథకు వారి అవసరము కలదు. ఆ అవసరమును గూడ వ్రాసినచో తాత యెట్లు వచ్చినను నీ అధ్యాయము నిలుచును.

తమ్ముడు : ఇంతవఱకు నీ మాట కాదనలేదు. ఇప్పుడు కాదనెదను. నాయన వ్యాధిని గూర్చిన భాగము నేను వదలను. ఈ వ్యాధికి కారణము ఇదియని ఏ పరిశోధకుడును నేటికిని నిశ్చయింపలేదు. మధుమేహము లేనివారు, పొలములో పనిచేసికొని బ్రతుకువారు, ఇంటింట కృశించిపోయిరి. హిరమండలము జలాశయమునుండి గొట్టములతో నీరు తెచ్చిరి, 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆస్పత్రి తెఱచిరి; అవి వచ్చునప్పటికి నాయన లేడు. కొబ్బరితోటల నడుమ బ్రతుకెల్ల గడపినవానికి కొబ్బరినీరు విషమని వైద్యుడు చెప్పెను. ఆ నీటిలోని పొటాషియము పాడైన మూత్రపిండములు వెలికి పంపజాలవు, అది గుండెను ఆపగలదు. తిత్లీ వచ్చిన 2018 అక్టోబరు 11 నాడు ఆ తోట నేలకూలినది. చెట్లు పడియుండగా ఆయన నిన్ను ఒక్క బొండము అడిగెను, నీవు ఇయ్యలేదు. గ్రంథమునకు ఇంతకన్న ప్రారంభము ఉండునా?

అప్ప : ఉండును. ఏలయన ఇది నీ గ్రంథమున ఉండదు.

తమ్ముడు : అప్పా, నేను నిన్ను నిందించుట లేదు. నీవు చేసినది ధర్మము.

అప్ప : ధర్మమో కాదో నీవు తీర్పు చెప్పనక్కరలేదు. అడిగినది నన్ను, కాదన్నది నేను. ఆ సమయమున నీవు విశాఖపట్టణములో నుంటివి, ఫోనులో విన్నావు. విన్నదానిని చూచినట్లు వ్రాసి, దానిని మొదటి పుటలో పెట్టి, చదువరి కన్నీరు తెప్పించుట నాకు సమ్మతము కాదు. అది నాది. వ్రాసినచో నేను వ్రాయుదును, లేనిచో ఎవరును వ్రాయరు.

తమ్ముడు : నీవు వ్రాయవు. అట్లు అది పోవును. మామ్మ విద్య పోయెనని ఇందాక నీవే వగచితివి గదా? నాయన బాధయు అట్లే పోవలెనా?

అప్ప : వేఱు. మామ్మ విద్యను ఆమె దాచలేదు, అడిగినవారు లేక పోయినది. నాయన ఆ మాట నలుగురిలో అనలేదు, నాతో అనెను. అడిగి తెలిసికొనవలసినది వేఱు, చెవిలో పడినది వేఱు. అయినను నీ కొకటి ఇచ్చెదను. ఆ రోజులలో నేనేమి వండితినో వ్రాసికొనుము. ఆనపకాయను సన్నగా తఱిగి, చాల నీటిలో చాలసేపు నానవేసి, ఆ నీరు పాఱబోసి, మరల ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని గూడ వంచివేయవలెను. అట్లు చేసినచో కూరలోని పొటాషియము కొంత తగ్గునని టెక్కలిలో డయాలసిసు చేయువారు చెప్పిరి. రుచియు దానితోడనే పోవును. నౌపడ ఉప్పుమడులు చూచుచు పెరిగినవానికి ఉప్పు దాదాపు లేని కూర పెట్టవలెను. జీలకఱ్ఱ మాడకుండ వేయించి దంచి, మిరియము కొంచెము, వెల్లుల్లి ఎఱ్ఱగా వేగనిచ్చి, ఇంగువ చివర వేసినచో, మొదటి రెండు ముద్దలవఱకు నాలుక మోసపోవును. మూడవ ముద్దకు తెలిసిపోవును. కావున కూరను రెండు ముద్దలకు సరిపడ మాత్రమే పెట్టి, పిదప వేఱొక కూర రెండు ముద్దలకు పెట్టితిని. నీరును దినమునకు ఇంతయని కొలిచి ఇచ్చుటకు మామ్మ గిద్దయే వాడితిని. ఇది ఎవరును నాకు నేర్పలేదు. ఉద్దానమున ఇంటింట ఏ ఆడుది ఏ ఉపాయము పన్నెనో వ్రాసినవారు లేరు. వ్యాధిగ్రస్తుల పట్టికలు వ్రాసిరి, నీటి పరీక్షలు వ్రాసిరి. నీ నాలుగవ భాగము ఇది. నాలుగైదు ఊళ్ళు తిరిగి, ఇట్టివి అడిగి వ్రాయుము.

తమ్ముడు : ఇది వ్రాసినచో బొండము మాట దాని వెనుక నిలిచియే యుండును. దానిని వ్రాయకుండుట అసత్యము కాదా?

అప్ప : వ్రాయనిదెల్ల అసత్యము కాదు. దానిపై నీవు నాతో ఇంకను వాదింపవచ్చును, నేను మారను.

(ఈ వివాదము అంతటితో తీరలేదు. నా మట్టుకు నేను ఆమె పక్షమే. కుటుంబచరిత్ర వ్రాయువానికి తనవారందఱి బ్రతుకును తన సొత్తని తలచు హక్కు లేదు; ఎవరి రహస్యము వారి యనుమతితో మాత్రమే అచ్చు చూడవలెను. అయినను తమ్ముని ఆవేదన కపటము కాదు. తండ్రి దాహమును లోకమునకు చెప్పనిదే ఆయనకు తాను ఋణపడియుందునని అతడు నిజముగా నమ్మియున్నాడు.)

తమ్ముడు : అయితే భాగములు మారినవి. మొదట అంబలి, దాని వెనుక పనసపొట్టు. అమ్మ తెచ్చిన జీడి మూడవది, చేపలగంప నాలుగవది, రెండు ముద్దల కూర అయిదవది. రంగూను ఎచ్చట?

అప్ప : అంబలిలోనే. తాత అచ్చటనుండి పంపిన మనియార్డరు వచ్చిన నెలలో అంబలిలో నూక ఎక్కువ, రాని నెలలో నీరు ఎక్కువ. 1942 తరువాత మనియార్డరు రాలేదు, మనిషి వచ్చెను. మామ్మకు సంతోషమును, ఇంకొక ముంతయు పెరిగినవి.

తమ్ముడు : ఆ నెలలలో ఎన్ని చెంబులు కలిపెనో ఎవరు చెప్పగలరు?

అప్ప : అత్త చెప్పగలదు. ఆమెకు జ్ఞాపకశక్తి ఇంకను చెడలేదు గాని మధ్యాహ్నము దాటినచో అలసిపోవును. మంగళవారము ఉదయము మొదటి బస్సునకు పలాస పోయి, అచ్చటనుండి మందస పొమ్ము. వట్టిచేతులతో పోకుము, మందస కోవా ఆమెకు ఊళ్ళోనే దొరకును గనుక ఇచ్చటనుండి పోకుండలు తీసికొనిపొమ్ము. ఇప్పుడే బియ్యము నానవేసెదను. ఉంగరము మాట ముందుగా అడుగకుము, కోపము వచ్చును. అంబలితో మొదలుపెట్టుము.